ఆఖరి ఎనిమిది పేజీలు

సంచి నేనే సర్దాను. రెండు చొక్కాలు, ఒక ప్యాంటు, తువ్వాలు, గడ్డం గీసుకునే సామాను, జలుబు మాత్రలు. చదువుకునే కళ్ళజోడు మెత్తటి గుడ్డలో చుట్టి పక్క అరలో పెట్టాను. అడుగున ఇరవై పుస్తకాలు, అట్టలు నలగకుండా, వెన్నులన్నీ ఒకవైపుకి. పుస్తకాలు సర్దడం నాకొకరు నేర్పక్కర్లేదు. వాటిని మడిచింది, కుట్టింది, అట్టలు అంటించింది నేనే.

నాకో అలవాటుంది. ఎవరు ఊరికి బయల్దేరినా వాళ్ళ సామానులోంచి ఒక వస్తువు తీసి దాచేస్తాను. దానికోసమైనా వెనక్కి వస్తారని ఆశ. అమ్మ వెళ్ళేటప్పుడు ఆమె దువ్వెన దాచాను. అక్క వెళ్ళేటప్పుడు ఎడమకాలి మేజోడు దాచాను. వాళ్ళు రాలేదు, అలవాటు మాత్రం పోలేదు. మా ఆయన ఎప్పుడు ఊరెళ్ళినా పెన్ను మూత నా దగ్గర ఉండిపోయేది. తిరిగొచ్చి దానికోసం నన్ను నాలుగు చీవాట్లు పెట్టేవాడు. ఆ చీవాట్లు వింటే నా ప్రాణం కుదుటపడేది.

ఈసారి ఏదీ తియ్యలేదు. మంచం కిందకి దూరిన పాత చెప్పు కూడా చీపురుతో లాగి, దులిపి, కాగితంలో చుట్టి సంచిలో పెట్టాను.

"ఏమే, రుమాళ్ళు పెట్టావా?" అన్నాడాయన, అద్దంలో జుట్టు సర్దుకుంటూ.

"పెట్టానండీ."

"పెన్ను మూత?"

"పెన్నుకే ఉందండీ."

"ఇవాళ సూర్యుడు ఎటు పొడిచాడో! ప్రతిసారీ ఏదో ఒకటి మరిచిపోతావు కదే."

"ఈసారి అన్నీ చూసే పెట్టాను."

ఆయన వెళుతున్నది పక్క ఊళ్ళో సభకి. ఆయన కథల పుస్తకం అచ్చయింది. అక్కడి సాహిత్య సంఘం వాళ్ళు శాలువా కప్పుతారట, ఆఖరి కథ ఆయన నోటితోనే చదివించుకుంటారట. వారం రోజులుగా భోజనాల దగ్గర ఇదే మాట.

"పుస్తకం ఒకసారి తెరిచి చూసుకోకూడదూ? సభలో చదవాలి కదా," అన్నాను.

ఆయన పెద్దగా నవ్వాడు. "ప్రూఫులు దిద్దేవాడు అచ్చయిన పుస్తకం తెరవకూడదే పిచ్చిదానా. ఒక్క తప్పు కనబడిందా, తిన్నది ఒంటబట్టదు. మా వాళ్ళెవరూ తెరవరు. నేరుగా సభలోనే తెరుస్తా. అయినా నీకెందుకే ఈ గొడవ?"

ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అడిగాను. అడక్కుండా పంపితే జన్మంతా మనసు పీకుతుందని అడిగాను. అవకాశం ఇవ్వలేదని ఇక ఎవరూ అనలేరు.

మేమిద్దరం ఒకే ప్రెస్సులో పనిచేసేవాళ్ళం. ఆయన ముందుగదిలో, ఫ్యాను కింద, ప్రూఫులు దిద్దేవాడు. ఎవరు ఏం మాట్లాడుతున్నా ఆఖరి ముక్క తనదే కావాలి కాబట్టి పనివాళ్ళంతా ఆయనకి ఫుల్‌స్టాప్ గారని పేరు పెట్టారు. నేను వెనకగదిలో, మడత బల్ల దగ్గర. పెద్ద కాగితం మీద రెండు వైపులా కలిపి పదహారు పేజీలు అచ్చవుతాయి. దాన్ని మేము ఫారం అంటాం. దాన్ని మూడుసార్లు మడిచి, చెక్కబద్దతో మడత మీద రుద్దితే పేజీలు వరసలోకొస్తాయి. మడవకముందు చూస్తే అంతా గందరగోళం. పదిహేడో పేజీలో ఎవరికో పెళ్ళిచూపులు, పక్కనే ముప్పై రెండో పేజీలో ఆవిడకి మనవడు.

నేను బడికి వెళ్ళలేదు. పేజీల అంకెలు చూసి మడవడం చేతనైతే చాలు, ఆ పనికి చదువు అక్కర్లేదు. కానీ ఒకే ఫారం వెయ్యి కాపీలుంటే, అదే కాగితం వెయ్యిసార్లు చేతిలోకొస్తుంది. వెయ్యిసార్లు చూసిన మొహాన్ని గుర్తుపట్టకుండా ఉండగలమా? అక్షరాలు పేర్చే పెద్దాయన, అందరికీ చెవిటి మామ, అరిగిపోయిన సీసపు అక్షరాలు నాకిచ్చేవాడు. "ఇది క. ఇది మ. రెండూ పక్కపక్కన పెట్టకు, కొట్టుకుంటాయి," అని వేళాకోళం చేసేవాడు. సీసపు అక్షరం తిరగబడి ఉంటుంది కాబట్టి నేను చదువు నేర్చుకున్నది కూడా తిరగబడే. అయిదారేళ్ళు పట్టింది. మా ఆయనకి చెప్పలేదు. మొదట్లో సిగ్గు. తర్వాత, చెప్పకుండా దాచుకున్నది నాకంటూ ఒక్కటి ఉండాలనిపించింది.

ఒక్కో మడతకి ఒక్కో వాక్యం చదివేదాన్ని. పక్క ఫారం వేరే బల్ల మీద ఉండేది కాబట్టి ముందేం జరిగిందో, తర్వాతేం జరుగుతుందో తెలిసేది కాదు. మిగతాది నేనే అల్లుకునేదాన్ని. చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి. లోపల మనుషులు పుట్టేవాళ్ళు, దెబ్బలాడుకునేవాళ్ళు, పడవలెక్కి పోయేవాళ్ళు. సాయంత్రానికి నడుం విరిగిపోయేది కానీ, మొహం చూసినవాళ్ళు ఏదో శుభవార్త విన్నానని అనుకునేవాళ్ళు. నా జీవితంలో అంతకుమించిన సుఖం నేనెరగను.

అల్లుకున్న కథలు భోజనం వడ్డిస్తూ మా ఆయనకి చెప్పేదాన్ని. వేరే ఎవరికి చెప్పను? ఆయన తింటూ వినేవాడు. ఒక్కోసారి ముద్ద ఆగిపోయేది. "ఊఁ, తర్వాత?" అనేవాడు. అంతా అయ్యాక మాత్రం పెదవి విరిచేవాడు.

"చివర్లో ఆ మనిషి వాణ్ణి గుమ్మంలోంచే పంపించెయ్యడమేంటే? కథలో ఆడది క్షమించాలి. లేకపోతే వినేవాడికి అన్నం సహించదు."

"మరి వాడు చేసింది తక్కువా?"

"ఎంత చేసినా సరే. క్షమిస్తేనే నిండుదనం." ఫుల్‌స్టాప్.

ఆ ఏడాది ఒక పుస్తకం తాలూకు ఫారాలు నా బల్ల మీదకి రావడం మొదలయ్యాయి. మాలో ఎవరం పుస్తకం ఎవరిదని అడగం, ఎన్ని ఫారాలని అడుగుతాం. మూడో ఫారం మడుస్తుంటే ఒక వాక్యం దగ్గర చెయ్యి ఆగిపోయింది. తాళాలు బాగుచేసే ముసలావిడ కథ. నా కథ. నాలుగో ఫారంలో కవల పిల్లల కథ. అదీ నాదే. కథలు గాలిలో తిరుగుతాయి కాబోలు, నాకు తట్టినవే ఇంకెవరికో తట్టాయి కాబోలు అనుకున్నాను. నవ్వండి, పరవాలేదు. ఈ లోకంలో అచ్చం నాలాగే ఆలోచించే మనిషి ఇంకొకరున్నారని, ఎలాగైనా వెతుక్కుంటూ వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకోవాలని మూడు వారాలు మురిసిపోయాను. రాసింది ఆడమనిషే అనుకున్నాను. అనుమానం రాలేదా అంటే, అది వచ్చి తలుపు తట్టింది, నేను తియ్యలేదు. కథల చివర్లలో మాత్రం ఆడవాళ్ళందరూ క్షమించేస్తున్నారు. పాపం ఆవిడకి నాకంటే మెత్తని మనసు అని కూడా అనుకున్నాను.

పుస్తకంలో ముందు పేజీలు అన్నిటికంటే ఆఖర్న అచ్చవుతాయి. మొదటి ఎనిమిది, చివరి ఎనిమిది ఒకే కాగితం మీద వేసి మధ్యకి కోస్తాం. ఆ కాగితం రానే వచ్చింది. ఒక పక్క ఆఖరి కథ ముగింపు. రెండో పక్క పుస్తకం పేరు, కింద మా ఆయన పేరు. దాని తర్వాతి పేజీలో, మధ్యలో, చిన్న అక్షరాలతో అంకితం.

'అక్షరం ముక్క రాకపోయినా నా కథలన్నీ ఓపిగ్గా విన్న నా ఇల్లాలికి.'

ఆ కాగితం మూడు వందలసార్లు మడిచాను. మూడు వందలసార్లు చదివాను.

ఇంటికెళ్ళి ఏమీ అనలేదు. ఏమంటాను? అంటే ఆఖరి ముక్క ఎవరిదవుతుందో నాకు తెలియదా? భోజనం వడ్డించాను. "ఇవాళ కథేం లేదా?" అన్నాడు. లేదన్నాను. నిజంగానే లేదు. ఆ వారం నా బల్ల మీదకి తేనెటీగల పెంపకం గురించి పుస్తకం వచ్చింది. ఇదివరకైతే రెండో మడతకల్లా రాణి ఈగకీ పని ఈగలకీ మధ్య గొడవ పెట్టేసి ఉండేదాన్ని. పదిరోజులు మడిచినా తేనెటీగలు తేనెటీగల్లాగే ఉండిపోయాయి. కాగితం కాగితంలాగే ఉంది. అప్పుడు భయం వేసింది. పేరు పోతే పోయింది. అదంటూ ఎప్పుడూ లేదు. కానీ నా సుఖాన్ని కూడా పట్టుకుపోయాడే! అమ్మ పోయినా, అక్క పోయినా మడత బల్ల దగ్గర నన్ను బతికించింది అదొక్కటే. దాన్ని వెనక్కి తెచ్చుకోకపోతే నేను ఉన్నా లేనట్టే.

మధ్యాహ్నం భోజనాలప్పుడు చెవిటి మామ వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

"ఏం అమ్మాయ్, జిగురుతో మూతి అంటించేసుకున్నావా?"

అంకితం పేజీ ఆయన ముందు పెట్టాను.

"నేనే పేర్చాను. అక్షరం ముక్క రాదట నీకు! పేరుస్తూ నవ్వుకున్నా," అన్నాడు.

"అందులో కథలు కూడా నావే మామా." ఆయనకి వినబడాలంటే అరవాలి, అరిస్తే ముందుగదిలోకి వినబడుతుంది. అందుకని సీసపు అక్షరాలు నాలుగు ఏరి బల్ల మీద పేర్చాను. క, థ, నా, ది.

ఆయన వాటిని చాలాసేపు చూశాడు. తిరగబడ్డ అక్షరాలు చదవడానికి ఆయనకి క్షణం పట్టదు. అయినా చాలాసేపు చూశాడు.

"ముప్పై ఏళ్ళుగా నా తప్పులు దిద్దుతున్నాడు," అన్నాడు చివరికి. "వారానికోసారి యజమాని ముందు నిలబెట్టి మరీ దిద్దుతున్నాడు. ఒక్కసారి వాడి తప్పు నేను దిద్దితే కోపమొస్తుందా? ఆఖరి ఎనిమిది పేజీలు రాసుకురా. పేర్చిపెడతా."

కాగితం అంచులు కోసినప్పుడు రెండు వేళ్ళ వెడల్పు ముక్కలు రాలతాయి. వాటి మీద రాశాను, ముక్కకో వాక్యం. మొదటిసారి రాసింది అంతా తిట్లే. ఎన్నేళ్ళ తిట్లో. మామ ఆ ముక్కలన్నీ ఓపిగ్గా చదివి సంచిలో వేసి తిరిగిచ్చేశాడు.

"ఇన్ని తిట్లకి సరిపడా అక్షరాలు నా దగ్గర లేవమ్మాయ్. తిడితే వాడు పుస్తకం మూసేస్తాడు. కథ తీసుకురా. కథయితే చదువుతూనే ఉంటాడు."

ఆఖరి కథ రేవులో టికెట్లు చింపే మనిషిది. ఆమెని వదిలేసి పడవెక్కి పోయిన మొగుడు పన్నెండేళ్ళకి జబ్బుపడి, సంచీ పట్టుకుని అదే రేవులో దిగుతాడు. మా ఆయన రాసుకున్న దాంట్లో ఆమె కళ్ళనీళ్ళతో ఆ సంచి అందుకుని ముందు నడుస్తుంది. నేను మళ్ళీ మొదలుపెట్టాను. టికెట్లు చింపీ చింపీ ఆమె బొటనవేలి మీద కాయకాసిన చోటు రాస్తుంటే నా వేలు చూసుకున్నాను, చెక్కబద్ద పట్టుకునే చోట అచ్చం అలాంటి కాయే ఉంది. ఉన్నట్టుండి రేవులో గాలి వీచింది. పడవ తాడు చప్పుడు వినబడింది. టికెట్ల పెట్టె మీద కూర్చునే కుంటి కాకి ఒకటి వచ్చింది, నేను పిలవకుండానే! పగతో కూర్చున్నదాన్ని, ఒక గంటసేపు పగ సంగతే మరిచిపోయాను. గుర్తొచ్చాక కూడా ఏం తగ్గలేదు, రెండూ కలిసి ఒకే మంటయ్యాయి. ఆ రోజు ఇంటికెళుతుంటే కూరల అంగడామె, "ఏంటమ్మా, పండగలా ఉన్నావు!" అంది.

"తొమ్మిది లైన్లు ఎక్కువయ్యాయి," అన్నాడు మామ. "ఎనిమిది పేజీలంటే ఎనిమిదే. ఏది తీసేస్తావో చెప్పు." మిగిలిపోయిన తిట్లు తీసేశాను. మరో రెండు లైన్లు మిగిలితే కన్నీళ్ళు తీసేశాను. అప్పుడు అతికినట్టు సరిపోయింది. నా రాతలో సగం అక్షరాలు తిరగబడి పడేవి. "నాకిదే హాయి. కళ్ళు తిప్పుకోనక్కర్లేదు," అనేవాడు మామ. యజమాని భోజనానికి వెళ్ళే గంటలో, రోజుకి అర పేజీ చొప్పున పేర్చాడు. మా ఆయన ముందుగదిలో ఉన్నాడు, కానీ మిషను చప్పుడు ఆయనకెప్పుడూ తలనొప్పే, తలుపేసుకునేవాడు. మూడు వందల కాపీలూ మామే కాలితో తొక్కే చిన్న మిషను మీద వేశాడు.

పాత ఎనిమిది పేజీలు పారెయ్యలేదు. అట్ట గట్టిగా ఉండటానికి లోపల పనికిరాని కాగితాలు జిగురు రాసి అంటిస్తాం. మా ఆయన రాసిన ఆ క్షమనంతా ఆయన అట్టల మధ్యనే అంటించాను. ప్రతి పుస్తకంలో ఉన్నాయి. కావలసినవాళ్ళు చించి చూసుకోవచ్చు.

బస్సు ఉదయం ఏడున్నరకి. మిగతా కాపీల కట్టలు మోయడానికి యజమాని మామని కూడా పంపాడు. నేను బస్సు స్టాండు దాకా వెళ్ళాను. మా ఆయన కిటికీ పక్కన కూర్చుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని, "తలుపు గడియ సరిగ్గా వేసుకో," అన్నాడు. అలాగేనన్నాను. బస్సు మలుపు తిరిగేదాకా చూశాను. బస్సులు మలుపు తిరగడం నాకెప్పుడూ పడదు, చేతులు చల్లబడిపోతాయి. ఆ రోజూ చల్లబడ్డాయి.

శనివారం మధ్యాహ్నం మామ ఒక్కడే వచ్చాడు. మడత బల్ల దగ్గర కూలబడి, మంచినీళ్ళు తాగి, అప్పుడు చెప్పాడు.

"నాకు వినబడదు కదా. అందుకని ముందు వరసలో పుస్తకం తెరుచుకుని కూర్చున్నా, వాడి పెదాలు చూస్తూ. పాత పేజీలన్నీ బాగా నటిస్తూ చదివాడు. చెయ్యి ఊపాడు, గొంతు వణికించినట్టున్నాడు, ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. తర్వాత నీ పేజీల్లోకి వచ్చాడు."

"ఆగిపోయాడా?" అని అరిచాను. ముందుగదిలో ఇప్పుడు వినేవాళ్ళెవరూ లేరు.

"ఎక్కడ ఆగుతాడు? ప్రూఫులు చదివే నోరది. అక్షరం కనబడితే కదులుతుంది, అర్థం తర్వాత నింపాదిగా నడిచొస్తుంది. మొదటి పేజీలో ఏదో తేడాగా ఉందన్నట్టు ఒక్కసారి కనుబొమ్మ లేచింది. అయినా చదువుతూనే ఉన్నాడు. మొగుడు సంచీ చాపాడు. టికెట్ల మనిషి సంచీ అందుకోలేదు. 'తిరుగు పడవ నాలుగింటికి. నీడలో కూర్చో, ఎండదెబ్బ తగిలితే నేను మొయ్యలేను' అంది. హాలంతా ఒక్కసారి నవ్వింది అమ్మాయ్! పళ్ళు కనబడ్డాయి నాకు. వాడు చదువుతుంటే మనుషులు నవ్వడం వాడెప్పుడూ చూసుండడు. మురిసిపోయి ఇంకా గట్టిగా అందుకున్నాడు. చెమటలు పట్టాయి, కానీ ఆపలేదు. కుంటి కాకి చదివాడు. ఆఖరి పేజీ తిప్పాడు."

ఆఖరి పేజీలో నాలుగు వాక్యాలున్నాయి. నాకు కంఠతా వచ్చు. 'ఈ పుస్తకంలో పదకొండు కథలు. పదకొండూ దీన్ని మడిచి కుట్టిన మనిషి భోజనం వడ్డిస్తూ తన మొగుడికి చెప్పినవి. ఆమెకి చదవడం రాదని అతను అనుకున్నాడు. అంకితం ఆమె చదివింది.'

"నాలుగూ చదివాడా మామా?"

"మూడున్నర. కంగారులో పాత అలవాటు తన్నుకొచ్చింది. మూడో వాక్యం చివర 'ఫుల్‌స్టాప్' అని కూడా పైకి చదివాడు. ప్రూఫులు చదివేటప్పుడు చదవడూ, అలా. పక్కవాళ్ళు చెబితే తెలిసింది. నాలుగో దాంట్లో 'అంకితం' దాకా వచ్చి నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. అప్పుడు హాలంతా పేజీలు వెనక్కి తిప్పారు, అంకితం వెతుక్కోడానికి. రెండు వందలమంది ఒకేసారి పేజీలు తిప్పితే గాలొస్తుందమ్మాయ్. మొహానికి తగిలింది."

"ఏమన్నాడు?"

"తేలు కుట్టిన దొంగ ఏమంటాడు? సంచి తీసుకుని పక్క తలుపులోంచి వెళ్ళిపోయాడు. కప్పాల్సిన శాలువా బల్ల మీదే ఉంది."

నేను చెక్కబద్ద పట్టుకుని మడత మీద రుద్దాను. ఆ సాయంత్రం యజమాని మమ్మల్నిద్దరినీ పిలిచి, "ఎవరి పని ఇది?" అన్నాడు. "కుట్టింది నేనండీ," అన్నాను. మామ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఆఁ?" అన్నాడు. మూడుసార్లు అడిగించుకున్నాడు. నాలుగోసారి యజమానే విసుగొచ్చి, ఆ పుస్తకం కావాలని అప్పటికే అయిదారుగురు కబురు పెట్టారు కాబట్టి కూడా, వెళ్ళి పని చూసుకోమన్నాడు.

పగ తీరాక సుఖం కూడా తీరిపోతుందేమోనని భయపడ్డాను. మెట్ల మీద అడుగుల చప్పుడైతే ఉలిక్కిపడేదాన్ని. వస్తాడేమోననీ, రాడేమోననీ కూడా. ఒక మధ్యాహ్నం అలా ఉలిక్కిపడి, ఆ అడుగులు ఎవరివైతే బాగుంటుందా అనుకుని, కాగితపు ముక్క తీసుకున్నాను. అప్పట్నుంచి ఆపలేదు. ఆయన నా కథల్లోకి సంచీ పట్టుకుని వస్తూనే ఉంటాడు. ఒకసారి గడియారాలు బాగుచేసేవాడిగా వచ్చాడు, ఒకసారి ఇల్లు అద్దెకడగడానికి వచ్చాడు, ఒకసారి తడిసిన పిల్లిగా వచ్చాడు. పిల్లి విషయంలో కొంచెం తటపటాయించాను. ఇప్పటికి నూట నాలుగుసార్లు వచ్చాడు, నూట నాలుగుసార్లూ తిప్పి పంపాను. ప్రతిసారీ వేరే మాటతో పంపాలి, అదే ఇందులో పని, అదే ఇందులో రుచి. ప్రతి కథా ఎనిమిది పేజీలే. రాసి, మడిచి, కుట్టి, అట్ట వేసేదాకా నోటితో ఎవరికీ చెప్పను.

ఇంట్లో ఆయన వస్తువు ఒక్కటీ లేదు. అందరివీ దాచాను, ఆయనది దాచలేదు.

అమ్మ నా ఏడో ఏట, వాన పడుతున్న ఒక ఆదివారం వెళ్ళింది. తిరిగి రాలేదు. అక్క నా పదహారో ఏట ఎండాకాలంలో వెళ్ళింది. తిరిగి రాలేదు. మా ఆయన ముప్పై ఒక్క ఏళ్ళ కిందట, మార్చి నెలలో, గురువారం ఉదయం ఏడున్నర బస్సుకి వెళ్ళాడు. తిరిగి రాలేదు.